గుంటూరుకు వచ్చిన జాన్సెన్

ఢిల్లీలో ఉండే తెలుగు పిల్లలకు అశోకా రోడ్ అనగానే ఆంధ్రా భవన్ క్యాంటీన్ గుర్తొస్తుంది. ఆదివారం అమ్మానాన్నలతో వెళ్ళి, టోకెన్ తీసుకుని, మన వంతు కోసం నిలబడి, కందిపొడిలో నెయ్యి కలుపుకుని తిన్నాక నాలుగడుగులు వేస్తే ఇండియా గేటు వచ్చేస్తుంది. అక్కడ బెలూన్లవాళ్ళు ఉంటారు. దారం వదిలితే చాలు, బెలూన్ చెట్ల మీదుగా పైకి వెళ్ళిపోతుంది.

ఆ బెలూన్‌లో ఉన్న వాయువు ఏమిటి? చాలామంది హీలియం అంటారు. కాని హీలియం ఖరీదైన వాయువు. అందుకని వీధుల్లో అమ్మే కొన్ని బెలూన్లలో హైడ్రోజన్ నింపుతారు. గాలి కన్నా హైడ్రోజన్ సుమారు పద్నాలుగు రెట్లు తేలిక, హీలియం ఏడు రెట్లు తేలిక. అయినా పైకి ఎగరడంలో రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. రెండింటికీ రంగు లేదు, వాసన లేదు. చేత్తో పట్టుకుని చూసి ఏది ఏదో చెప్పలేం. అయితే ఒకటి నిప్పు తగిలితే భగ్గుమంటుంది, రెండోది అసలు మండదు. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు వెలుగుతుంటే పక్కన బెలూన్ల గుత్తి వేలాడదీసేవాళ్ళకు ఈ తేడా తెలిసి ఉండాలి.

వాయువుల్ని గుర్తుపట్టే చిన్న పరీక్షలు మీరు బడి ప్రయోగశాలలో చేసే ఉంటారు. పరీక్షనాళికలో జింకు ముక్కలు వేసి విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే బుడగలు వస్తాయి. మూతి దగ్గర వెలుగుతున్న పుల్ల పెడితే టప్‌మని శబ్దం వస్తుంది. అది హైడ్రోజన్. పుల్లను ఆర్పి, కొన ఇంకా ఎర్రగా ఉండగానే మరో వాయువు ఉన్న నాళికలో పెడితే మళ్ళీ మంట వచ్చిందనుకోండి, అది ఆక్సిజన్. అగరుబత్తితో కూడా ఈ పరీక్ష చేయవచ్చు. కార్బన్ డై ఆక్సైడ్‌కైతే సున్నపు తేట కావాలి. కిళ్ళీకి రాసే సున్నాన్ని నీళ్ళలో కలిపి, కదపకుండా రాత్రంతా ఉంచి, పైన తేరిన నీళ్ళు వంచుకుంటే అదే సున్నపు తేట. అందులోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. ఊదుతూనే ఉంటే మళ్ళీ తేటగా అయిపోతుంది. మొదట కరగని కాల్షియం కార్బనేట్ పుడుతుంది, తర్వాత అదే కరిగే బైకార్బనేట్‌గా మారుతుంది. ఊదాలే గాని పీల్చకూడదు. సున్నం నోటినీ కళ్ళనూ మండిస్తుంది.

వాసన ఉన్న వాయువులు ఇంకా సులువు. అమ్మోనియా తడి ఎర్ర లిట్మస్‌ను నీలం చేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన గాజుకడ్డీని దాని దగ్గరకు తెస్తే దట్టమైన తెల్లటి పొగ వస్తుంది. క్లోరిన్ తడి లిట్మస్ రంగునే పోగొట్టేస్తుంది. సల్ఫర్ డై ఆక్సైడ్ ఆమ్లం కలిపిన పొటాషియం డైక్రోమేట్ కాగితాన్ని నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారుస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ లెడ్ ఎసిటేట్ కాగితాన్ని నల్లగా చేస్తుంది. వీటిలో దేన్నీ ముక్కు పెట్టి నేరుగా పీల్చకూడదు. చేత్తో విసురుకుని కొంచెమే వాసన చూడాలి. ఈ మాట ప్రాక్టికల్స్‌కి ముందు ప్రతి టీచరూ చెబుతారు, ప్రతి తరగతిలోనూ ఒకరు మరిచిపోతారు.

ఇప్పుడు మన హీలియం దగ్గరకు వద్దాం. పుల్ల పెడితే ఆరిపోతుంది. సున్నపు తేట తేటగానే ఉంటుంది. లిట్మస్ రంగు మారదు. వాసన లేదు. నైట్రోజన్ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పని పిల్లవాడిలాంటి వాయువు ఇది. పైగా ఆ వాయువు పరీక్షనాళికలో కాకుండా పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి మీద ఉంటే దాన్ని ఎలా గుర్తుపట్టాలి?

అలాంటి దూరపు వాయువులకు పరీక్ష పెట్టడమే పనిగా పెట్టుకున్న మనిషి ఒకరు 1868లో పెట్టెలనిండా గాజు పట్టకాలు, దూరదర్శినులు సర్దుకుని ఓడెక్కి మన గుంటూరుకు వచ్చారు. ఆయన పేరు పియరీ జాన్సెన్.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టారు. తండ్రి సంగీత విద్వాంసుడు. తల్లి ఒక వాస్తుశిల్పి కూతురు. పసితనంలోనే జరిగిన ప్రమాదంలో ఒక కాలు దెబ్బతిని, జీవితాంతం కుంటుతూనే నడిచారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. అందరు పిల్లల్లా బడికి వెళ్ళే వీలు కలగలేదు. కుర్రతనంలోనే బ్యాంకులో పనికి కుదిరారు. పగలు లెక్కలు రాస్తూ, మిగిలిన సమయంలో చదువుకుంటూ, తోటివాళ్ళు చదువు ముగించే వయసులో పరీక్షలకు కూర్చున్నారు. గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ పట్టాలు సంపాదించి 1860లో డాక్టరేటు అందుకున్నారు. అప్పటికి ఆయనకు 36 ఏళ్ళు. అంతకు మూడేళ్ళ ముందే దక్షిణ అమెరికాలోని పెరూకు వెళ్ళి భూమి అయస్కాంత మధ్యరేఖ ఎక్కడ ఉందో కొలవబోయి, జబ్బుపడి తిరిగివచ్చారు. కుంటికాలితో కొండలూ అడవులూ తిరగడం కష్టమని అక్కడితో మానుకోలేదు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రయాణాల చిట్టా చూస్తే, బదిలీల మీద బదిలీలు అయ్యే మన నాన్నల సర్వీసు రిజిస్టరు కూడా చిన్నబోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్‌హాఫ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఒక కొత్త పరీక్ష కనిపెట్టారు. దాని మొదటి మెట్టు మీ వంటింట్లోనే కనిపిస్తుంది. ఉప్పు వేసిన నీళ్ళు పొంగి స్టౌ మీద పడితే నీలి మంట ఒక్కసారి పసుపుపచ్చగా అవుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ఆ వెలుగును సన్నని చీలిక గుండా పంపి, గాజు పట్టకంతో విడదీసి చూస్తే ఇంద్రధనుస్సు కనబడదు. పసుపు రంగున్న చోట మాత్రం పక్కపక్కనే రెండు సన్నని గీతలు మెరుస్తాయి. ఏ మూలకానికి ఆ గీతలు వేరు. హైడ్రోజన్‌కు ఎరుపులో ఒకటి, నీలం వైపు మరికొన్ని. వేలిముద్రలు ఇద్దరికి ఒకేలా ఉండనట్టే ఈ గీతలూ రెండు మూలకాలకు ఒకేలా ఉండవు. ఈ పరికరమే వర్ణపటదర్శిని.

ఇంకో సంగతి కూడా వాళ్ళు తేల్చారు. వేడి వాయువు ఏ గీతల్ని వెలిగిస్తుందో, కాస్త చల్లని వాయువు తన గుండా పోయే వెలుగులోంచి సరిగ్గా ఆ గీతల్నే మింగేస్తుంది. అక్కడ నల్లగీతలు మిగులుతాయి. ఎండను పట్టకంతో విడదీస్తే కనిపించే వందలాది నల్లగీతలకు అర్థం అలా తెలిసింది. ఇక సూర్యుడిలో ఏమేం ఉన్నాయో భూమ్మీద కూర్చుని చదవవచ్చు.

కాని జాన్సెన్‌కు ఒక చిక్కు కనిపించింది. సూర్యుడి వెలుగు మన కంటికి చేరేముందు భూమి చుట్టూ ఉన్న గాలి గుండా వస్తుంది కదా. నల్లగీతల్లో కొన్ని మన గాలి వేసినవి అయితే? ఉదయం, సాయంత్రం సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలిని దాటి వస్తుంది. ఆ వేళల్లో కొన్ని గీతలు ముదురుతున్నాయని ఆయన గమనించారు. అంతటితో ఊరుకోలేదు. 1864లో జెనీవా సరస్సు ఒక ఒడ్డున నియాన్ అనే ఊళ్ళో కట్టెలతో పెద్ద మంట వేయించి, 21 కిలోమీటర్ల దూరాన జెనీవాలో నిలబడి ఆ మంట వెలుగును వర్ణపటదర్శినితో చూశారు. దగ్గరగా చూస్తే ఆ మంటలో లేని నల్లగీతలు అంత గాలిని దాటి వచ్చేసరికి కనిపించాయి. అంటే ఆ గీతలు సూర్యుడివి కావు, మన గాలివే.

గాలిలో ఏ వాయువుది? నీటి ఆవిరి మీద ఆయనకు అనుమానం. మనమైతే తెల్లటి నిర్జల కాపర్ సల్ఫేట్ పొడి నీలంగా మారిందా లేదా అని చూసి నీటిని గుర్తుపడతాం. ఆయనకు కావలసింది వెలుగుతో పరీక్ష. 1866లో పారిస్‌లోని లా విలెట్ గ్యాసు కర్మాగారంలో 37 మీటర్ల పొడవైన ఇనుప గొట్టం తీసుకుని, రెండు చివరలా గాజు బిగించి, లోపల ఒత్తిడితో ఆవిరి నింపి, ఒక చివర గ్యాసు దీపాలు వెలిగించి రెండో చివర నుంచి చూశారు. అనుమానించిన గీతలే కనిపించాయి. నీటి ఆవిరి దొరికిపోయింది. మన ప్రయోగశాలలోని పరీక్షనాళికకు ఈ గొట్టం ముత్తాత అనుకోవచ్చు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. గ్రహణంలా ఊరూరా చెప్పుకునే సంగతి కాదు గాని, అనుమానం వచ్చినప్పుడు ఎలా తేల్చుకోవాలో అందులో కనిపిస్తుంది.

ఇంతలో 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వస్తోందని లెక్కలు చెప్పాయి. దాని నీడ భారతదేశాన్ని పడమర నుంచి తూర్పుకు దాటి సయాం వైపు పోతుంది. గ్రహణం అంటే మన ఇళ్ళలో నీళ్ళబిందెలో దర్భపోచ వేయడం, విడుపు స్నానం గుర్తొస్తాయి. శాస్త్రవేత్తలకు గుర్తొచ్చినవి వేరు. సూర్యబింబం పూర్తిగా మూసుకున్నప్పుడు దాని అంచున ఎర్రటి నాలుకల్లా కొన్ని జ్వాలలు కనిపిస్తాయి. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. మేఘాల్లాంటివా, కొండల్లాంటివా, మండే వాయువులా? వర్ణపటదర్శిని చేతికొచ్చాక ఇంత మంచి సంపూర్ణ గ్రహణం అందడం అదే మొదలు.

అందుకని ఆ ఏడాది తెలుగు నేల మీద పెద్ద హడావుడే జరిగింది. మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశారు. ఆ నక్షత్రశాలలోనే పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళారు. గుంటూరుకు టెన్నెంట్ అనే ఆంగ్లేయ సైనికాధికారి తన బృందంతో వచ్చారు. ఫ్రాన్సు పంపగా జాన్సెన్ కూడా గుంటూరుకే వచ్చారు.

అప్పటికి సూయజ్ కాలువ తెరవలేదు. గుంటూరుకు రైలూ లేదు. జాన్సెన్ ఓడలో మద్రాసు చేరి, అక్కడి నుంచి తీరం వెంబడి మచిలీపట్నం వచ్చారు. నాలుగేళ్ళ ముందు, 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో ముప్పై వేలమంది వరకు చనిపోయిన ప్రాంతం అది. అక్కడి నుంచి గుంటూరు. అక్కడ ఉంటున్న ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట్లో దిగి పరికరాలు అమర్చుకున్నారు. ఆగస్టు అంటే వానాకాలం. వేల మైళ్ళు ప్రయాణం చేసి వచ్చినవాడి కష్టమంతా ఒక మబ్బుముక్క తుడిచేయగలదు. గ్రహణం కొద్ది నిమిషాలే. తప్పితే మళ్ళీ చూపించమని అడగడానికి లేదు.

ఆ ఉదయం ఆకాశం దయతలచింది. బింబం మూసుకుంది, ఎర్ర జ్వాలలు కనిపించాయి. జాన్సెన్ దూరదర్శినికి బిగించిన వర్ణపటదర్శిని చీలికను వాటి మీదకు తిప్పారు. ఇంద్రధనుస్సులాంటి పట్టీ కనబడలేదు. చీకట్లో కొన్ని మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి గట్టి వస్తువులు కావు, వేడి వాయువులు. ఎరుపులోనూ నీలంలోనూ ఉన్న ప్రధాన గీతలు హైడ్రోజన్‌వి. మనం పరీక్షనాళిక మూతి దగ్గర టప్‌మనిపించి గుర్తుపట్టే ఆ హైడ్రోజన్‌నే ఆయన అంత దూరాన ఉన్న సూర్యుడి అంచున గుర్తుపట్టారు.

ఇక్కడితో ఆగి ఉంటే మిగతా బృందాలకూ ఆయనకూ పెద్ద తేడా ఉండేది కాదు. ఆ రోజు ఆ జ్వాలలు వాయువులే అని మరికొందరు కూడా తేల్చారు. జాన్సెన్‌కు మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. ఆ గీతలు చాలా ప్రకాశంగా ఉన్నాయి. ఇంత ప్రకాశం ఉంటే గ్రహణం లేని రోజు కూడా వీటిని చూడవచ్చేమో!

ఎలాగో చెబుతాను. మామూలు రోజున ఆ జ్వాలలు ఎందుకు కనిపించవు? వాటి పక్కనే సూర్యుడి మిరుమిట్లు. మన ప్రార్థన సమావేశంలో వెయ్యిమంది పిల్లలు ఒకే చోట కిక్కిరిసి నిలబడ్డారనుకోండి. వాళ్ళ మధ్య ఎర్రచొక్కా వేసుకున్న ముగ్గురు కనబడరు. అదే వెయ్యిమందినీ మైదానమంతా పలచగా పరిచి, ఆ ముగ్గుర్ని మాత్రం ఒకేచోట ఉంచితే ఎంత దూరం నుంచైనా కనిపిస్తారు. పట్టకాలు చేసే పని అదే. సూర్యుడి తెల్లటి వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి కాబట్టి పట్టకాలతో బాగా విడదీసిన కొద్దీ అది పరుచుకుని పలచబడుతుంది. జ్వాల వెలుగులో ఉన్నవి రెండు మూడు రంగులే. వాటిని ఎంత విడదీసినా ఒక్కొక్కటి ఒక్క గీతగానే ఉంటుంది, పలచబడదు.

ఆ మధ్యాహ్నం మబ్బులు వచ్చాయో, అలసటో, మొత్తానికి ప్రయత్నం మర్నాటికి వాయిదా పడింది. ఆగస్టు 19 పొద్దున సూర్యుడు పైకి రాగానే ఆయన చీలికను బింబం అంచుకు ఆనించి చూశారు. గ్రహణం లేదు, చీకటి లేదు. ఎర్రగీత మెరుస్తోంది. చీలికను కొంచెం కొంచెం జరుపుతూ, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో రాసుకుంటూ, కనబడని జ్వాల ఆకారాన్నే గీసుకున్నారు. నిన్న ఉన్న జ్వాల ఇవాళ మారిపోయిందని కూడా తెలిసింది. అంతవరకు గ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాలే మనుషులు చూడగలిగిన దాన్ని ఆయన గుంటూరులో కూర్చుని 17 రోజులపాటు, సెప్టెంబరు 4 వరకు చూస్తూనే ఉన్నారు.

సంతోషంలో ఉత్తరం రాయడం ఆలస్యమైంది. కాకినాడ నుంచి సెప్టెంబరు 19న పారిస్ సైన్సు అకాడమీకి వివరంగా రాసి పంపారు. ఓడ టపా ఎప్పుడు చేరుతుందో ఓడకే తెలియాలి.

ఈలోగా లండన్‌లో ఏం జరిగిందంటే, నార్మన్ లాకియర్ అనే యుద్ధశాఖ గుమాస్తా ఒకాయన ఉన్నాడు. ఉద్యోగం ఆఫీసులో, ఇష్టం ఆకాశం మీద. గ్రహణం లేకుండానే జ్వాలల గీతలు చూడవచ్చని రెండేళ్ళ ముందే ఆయనకూ తట్టింది. కాని చేయమని ఇచ్చిన వర్ణపటదర్శిని ఆలస్యంగా చేతికొచ్చింది. అక్టోబరు 20న ఆయన ఇంగ్లాండ్ నుంచే ఆ గీతల్ని చూశాడు. గుంటూరు సంగతి ఆయనకు తెలియదు. వెంటనే ఆ కబురు కూడా పారిస్ అకాడమీకి వెళ్ళింది. పారిస్‌కు ఆ రోజుల్లో లండన్ పక్క ఊరు లాంటిది, కాకినాడ ప్రపంచానికి ఆ చివర.

అక్టోబరు 26న, సోమవారం, అకాడమీ సమావేశంలో రెండు ఉత్తరాలూ ఒకేరోజు చదివారు. కాకినాడ ఉత్తరం ఒక్క వారం ఆలస్యమై ఉంటే జాన్సెన్ పేరు రెండో వరుసలోకి పోయేది. ఎవరు ముందు అనే తగువు పడకుండా గౌరవం ఇద్దరికీ సమానంగా పంచారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే ఉన్న పతకం చేయించింది. ఇద్దరూ తర్వాత మంచి స్నేహితులయ్యారు.

ఇప్పుడు హీలియం మాట. క్విజ్ పుస్తకాల్లో మీరు చదివే ఉంటారు, గుంటూరులో జాన్సెన్ హీలియం కనుగొన్నాడని. గుంటూరు వాళ్ళకు ఇది గర్వంగా ఉంటుంది, నాకూ చిన్నప్పుడు ఉండేది. కాని జరిగింది కొంచెం వేరు. జాన్సెన్ గుంటూరులో గుర్తించానని చెప్పింది హైడ్రోజన్ గురించి, గ్రహణం లేకుండా చూసే పద్ధతి గురించి. కొత్త మూలకం ఉందని ఆయన అనలేదు. జ్వాలల్లో ఒక పసుపు గీత కూడా ఉందని ఆ గ్రహణంనాడు చూసినవాళ్ళలో మచిలీపట్నం పోగ్సన్ ఒకరు. అది సోడియం గీతే అని చాలామంది సర్దుకున్నారు. మన ఉప్పు మంట పసుపు లాంటిదే కదా అని. లాకియర్ మాత్రం కొలిచి చూసి, అది సోడియం రెండు గీతల పక్కన ఉంది గాని వాటిలో ఏదీ కాదని తేల్చాడు. భూమ్మీద ఎవరూ చూడని మూలకం ఏదో దాన్ని వేస్తోందని భావించి, గ్రీకు భాషలో సూర్యుడి పేరైన హీలియస్ నుంచి హీలియం అన్నారు. రసాయనశాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. సీసాలో పట్టి చూపించలేని వాయువును ఎలా నమ్మడం?

సీసాలో పట్టేసరికి 27 ఏళ్ళు పట్టింది. మధ్యలో ఒక తమాషా జరిగింది. 1890 ప్రాంతంలో అమెరికాలో హిల్‌బ్రాండ్ అనే రసాయనశాస్త్రవేత్త యురేనియం ఉన్న ఒక ఖనిజాన్ని ఆమ్లంలో మరిగిస్తే దేనితోనూ కలవని వాయువు వచ్చింది. నైట్రోజన్ అని రాసేసుకున్నాడు. మన పుల్ల, సున్నపు తేట పరీక్షలతో చూస్తే మనమూ అలాగే పొరబడతాం. 1895 మార్చిలో లండన్‌లో విలియం రామ్సే అలాంటి ఖనిజంతోనే ప్రయోగం చేసి, ఆ వాయువును గాజు గొట్టంలో నింపి, విద్యుత్తు పంపి వెలిగించి, వర్ణపటదర్శినితో చూశాడు. పసుపు గీత కనిపించింది. సోడియం ఎక్కడి నుంచి చేరిందా అని మొదట అనుకున్నాడట. కొలిస్తే సోడియం కాదు. సూర్యుడి మీది ఆ గీతే అది. అప్పటికి జాన్సెన్‌కు 71 ఏళ్ళు. పరీక్షనాళికలో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పని వాయువు, వెలిగించేసరికి తన పేరు చెప్పేసింది.

కాబట్టి గుంటూరుకు దక్కాల్సిన మాట మరొకటి ఉంది. పగటిపూట సూర్యుడి జ్వాలల్ని చూడడం మనిషి మొదట నేర్చుకున్న చోటు అది. ఇది హీలియం కన్నా చిన్న గౌరవమని నేననుకోను. ఆ దారి దొరకబట్టే లాకియర్‌లాంటి వాళ్ళు ఆ పసుపు గీతను తీరిగ్గా కొలవగలిగారు.

జాన్సెన్ కథ గుంటూరుతో అయిపోలేదు. 1870 డిసెంబరులో ఆఫ్రికాలోని ఓరాన్‌లో గ్రహణం. ఆ సమయానికి జర్మన్ సైన్యం పారిస్‌ను చుట్టుముట్టి ఉంది. ఊరు దాటడానికి లేదు. బయటికి పోనివ్వమని శత్రువుల దగ్గర అనుమతి ఇప్పిస్తామని ఇంగ్లాండ్ శాస్త్రవేత్తలు ముందుకొచ్చారు. తన దేశం మీదికి వచ్చినవాళ్ళ దయ ఆయనకు అక్కరలేదు. డిసెంబరు 2 తెల్లవారుజామున పరికరాల పెట్టెలతో వోల్టా అనే బెలూన్ ఎక్కారు. వెంట ఒక నావికుడు. ఆ బెలూన్‌లో నింపింది వీధిదీపాలకు వాడే బొగ్గు గ్యాసు. అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్, మీథేన్. ఒక్క నిప్పురవ్వ చాలు, కింద నుంచి సైనికుల తుపాకులు వేరే. శత్రువుల నెత్తి మీదుగా ఎగిరి, పడమటి సముద్రం దగ్గర సావెనె అనే ఊరి పక్కన క్షేమంగా దిగారు. పరికరాలు పగలలేదు. అక్కడి నుంచి ఓరాన్ చేరారు. గ్రహణం రోజున మబ్బు పట్టింది. ఏమీ కనబడలేదు.

ఏడాది తిరగగానే 1871 డిసెంబరు గ్రహణానికి మళ్ళీ మన దేశం వచ్చారు, ఈసారి నీలగిరి కొండల్లోని షోలూరుకు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా పోవడం చూడటానికి జపాన్‌లోని నాగసాకి వెళ్ళారు. అందుకోసం తుపాకీ యంత్రంలా తిరుగుతూ 72 సెకన్లలో 48 ఫొటోలు తీసే పరికరం తయారు చేయించారు. సినిమా కెమెరా పుట్టకముందు దాని పూర్వీకుల్లో ఇదొకటి. పారిస్ పక్కన మ్యూడన్‌లో, యుద్ధంలో కాలిపోయిన పాత రాజభవనంలో సూర్యుడి కోసం నక్షత్రశాల నెలకొల్పి దానికి అధిపతిగా ఉన్నారు.

పాత అనుమానం మాత్రం ఆయన్ని వదలలేదు. సూర్యుడి వర్ణపటంలో ఆక్సిజన్ గీతలు ఉన్నాయి. అవి సూర్యుడివా, మన గాలివా? 1889లో ఈఫిల్ టవర్ కొత్తగా లేచింది. దాని కొన మీది విద్యుద్దీపాన్ని దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని మ్యూడన్ నుంచి చూసి ఆ గీతల్ని పరీక్షించారు. ఇంకా పైకి, గాలి పలచగా ఉన్నచోటికి పోతే గీతలు కూడా పలచబడాలి. అందుకని 1890లో యూరప్‌లోని ఎత్తైన మంచుకొండ మోఁ బ్లాఁ మీదకు బయలుదేరారు. కుంటికాలితో ఎక్కలేరు కాబట్టి నిచ్చెనలాంటి కుర్చీలోనూ మంచుబండి మీదా కూర్చుంటే మనుషులు మోసుకుంటూ, లాగుతూ పైకి చేర్చారు. తర్వాత ఆ 4,800 మీటర్ల శిఖరం మీద, గట్టి రాయి తగలక, మంచు మీదనే చెక్క నక్షత్రశాల కట్టించారు. 1893లో తన 69వ ఏట మళ్ళీ ఎక్కి చూశారు. పైకి వెళ్ళిన కొద్దీ ఆ గీతలు బలహీనపడ్డాయి. అవి మన గాలిలోని ఆక్సిజన్‌వే. ఆరిన పుల్లను వెలిగించే పరీక్ష కోసం మనం బల్ల దగ్గరికి నడిచినట్టు, ఆయన అదే వాయువు కోసం మంచుకొండ ఎక్కారు.

1907 డిసెంబరు 23న జాన్సెన్ మ్యూడన్‌లో కన్నుమూశారు. చంద్రుడి మీద ఒక బిలానికి, అంగారకుడి మీద మరొక బిలానికి ఆయన పేరు పెట్టారు. మోఁ బ్లాఁ మీది చెక్క కట్టడం మంచులోకి కుంగిపోతూ వచ్చి, ఆయన పోయిన రెండేళ్ళకే దాన్ని వదిలేయాల్సి వచ్చింది.

వచ్చే ఆదివారం ఇండియా గేటు దగ్గర బెలూన్ కొంటే, అందులో ఏముందో తేల్చడానికి అగ్గిపుల్ల మాత్రం గీయకండి. పరీక్షనాళికలో టప్‌మన్నంత చిన్న శబ్దంతో అది పోదు, ముఖం కాలుతుంది. ఇంటికి తెచ్చి దీపాలకూ స్టౌకూ దూరంగా కిటికీకి కట్టి ఉంచండి. హీలియమైనా హైడ్రోజనైనా రబ్బరులోంచి కొంచెం కొంచెంగా కారిపోతూనే ఉంటుంది. తెల్లారేసరికి బెలూన్ నేల మీదకు వాలి ఉంటుంది.